పాయింటు తర్వాతి ఐదు

10 జూలై 1961, సోమవారం

ఇది బెల్టుల కంపెనీ ఏజెంటు జనవరిలో ఇచ్చిన డైరీ. ఆర్నెల్లు పెట్టెలో పడి ఉంది. వెనక పేజీల్లో ఇంచీలను మిల్లీమీటర్లుగా మార్చే పట్టిక ఉందని ఇవాళ తీశాను. ముందున్న ఖాళీ పేజీలు చూసి చెయ్యి ఊరుకోలేదు. ఎనిమిదో తరగతి ఫెయిలైన జ్ఞానప్రకాశం డైరీ రాస్తున్నాడని ఎవరికీ చెప్పేది లేదు.

సర్కారు వారు కొత్త కొలతలు తెచ్చారు. ఇక గజాలు, అడుగులు, ఇంచీలు పోతాయట. పత్తి నుంచి గింజలు తీసే మా జిన్నింగ్ ఫ్యాక్టరీ స్టోర్‌లో ఆరువందల పన్నెండు రకాల సామాను ఉంది. ఒక్కో రకానికి ఒక అట్ట కార్డు. ఏ సైజు, ఎన్ని ఉన్నాయి, మళ్లీ ఎలాంటిది తెప్పించాలి, అంతా దాని మీదే ఉంటుంది. మేనేజర్ సారంగపాణి గారు గులాబిరంగు కొత్త కార్డులు అచ్చు వేయించారు. దూది సీజన్ మొదలయ్యేలోగా అన్నీ మిల్లీమీటర్లలో రాసి, పాతవి మూటగట్టి అటక మీద పెట్టమన్నారు.

వానాకాలంలో నీడన కూర్చుని చేసే పని. దేవునికి స్తోత్రం.

12 జూలై

గేటు కాసే ఎల్లస్వామికి ఇంటి నుంచి ఫ్యాక్టరీకి మూడు మైళ్లు. కొత్త లెక్కలో అది దగ్గర దగ్గర ఐదు కిలోమీటర్లని చెప్పాను. గందుకేనా కాళ్లు గుంజుతానయి అని కూలబడ్డాడు. పాత దూరానికే డ్యూటీ వేయమని మేనేజర్ గారికి అర్జీ పెట్టుకుంటాడట. రాసిచ్చింది నేనే.

కార్డుల పని మాత్రం విసుగు. ఇంచీకి ఇరవైఐదు పాయింటు నాలుగు. ఏది హెచ్చించినా వెనక తోకలు. అన్నీ రాస్తే కార్డు మీద చీమలు పారినట్టుంది. అందుకని ఒక రూలు పెట్టుకున్నాను. పాయింటు తర్వాత ఐదు గాని, ఆపైన గాని ఉంటే పైకి, లోపుంటే కిందికి. బడిలో నేర్చుకున్నదాంట్లో గుర్తున్నది ఇదొక్కటే. చెప్పిన పంతులు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

16 జూలై, ఆదివారం

పాత కార్డులను ఇంటికి తెచ్చేస్తున్నాను. నిజాం కాలపు అట్ట, గోరుతో గీకినా గీత పడదు. వెనకవైపు తెల్లగా ఖాళీ. అటక మీద ఎలుకలకు వేసేకంటే మా రాహేలుకు ఇవ్వడం నయం. సండే స్కూలు పిల్లలకు బైబిల్ వాక్యం రాసిచ్చే కార్డులకు అట్ట దొరక్క అవస్థ పడుతోంది. చూడగానే ముఖం వెలిగింది. మీ మేనేజరు ఇయ్యమన్నడా అని అడిగింది. ఇమ్మన్నాడు అన్నాను. పాస్టరు గారి భార్యకు కూడా చెప్పుకుని మురిసిపోయింది.

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆమెకు నేను తెచ్చిచ్చిన మంచి వస్తువు ఇదే కాబోలు.

14 ఆగస్టు, సోమవారం

నవ్వి నవ్వి డొక్కలు నొప్పి పుడుతున్నాయి, అయినా రాస్తాను.

ఫిట్టర్ యాకయ్యకు ఒక ఉక్కు స్కేలు ఉంది. ఇంచీలు, ఇంచీకి ఎనిమిది సూతులు. పని నేర్పిన ఉస్తాద్ ఇచ్చిపోయాడట. బట్టలో చుట్టి, పసిపిల్లను మోసినట్టు మోస్తాడు. దాంతోపాటు గుండ్రటి సామాను మందం పట్టే ఒక కాలిపర్. ఇరవైరెండేళ్ల నుంచి ఇద్దరం ఇదే కొలువులో ఉన్నాం. నన్ను బావా అంటాడు. వాడికి చదువు రాదు. నాకు వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇవాళ వాడితో ఇంచీ స్కేలు దగ్గరుంచుకుంటే మూడు నెలలు జైలన్నాను. పదిహేనో తారీఖున ఇన్‌స్పెక్టర్లు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు, ఇప్పుడే డిపాజిట్ చేస్తే సర్కారే భద్రంగా పెడుతుంది అన్నాను. గింత ఇనుపముక్కకు జైలా బావా అని నోరు తెరిచాడు. తర్వాత బట్టతో సహా తెచ్చి, రెండు చేతులతో నా బల్ల మీద పెట్టాడు. జర రసీదు రాసియ్యి అన్నాడు.

ఇంగ్లీషులో రాసిచ్చాను. ఒక ముసలి కోతి దగ్గర ఒక స్కేలు, ఒక కాలిపర్ ముట్టినవి అని. కింద స్టోర్ ముద్ర గుద్దాను. కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. షెడ్డంతా తెలిసిపోయింది. కొత్త కొలతలొస్తే యాకయ్య పని ఖతం, వాడికి మిల్లీమీటర్ అంటే తెల్వదని అందరూ ఒకటే నవ్వు.

స్కేలు నా సొరుగులో ఉంది. రేపో ఎల్లుండో ఇచ్చేస్తాను.

5 సెప్టెంబర్

ఆరువందల పన్నెండూ అయిపోయాయి. మేనేజర్ గారు కాఫీ తాగుతూ అన్నిటి మీదా సంతకాలు పెట్టారు, ఒక్కటీ చదవలేదు. ఇలాంటి ఆఫీసరు దొరకడం నా అదృష్టం.

16 నవంబర్, గురువారం

రెండు నెలలు ఏమీ రాయలేదు. రాసేంత అల్లరి ఏదీ చేయలేదు. వయసు మీద పడుతోంది.

షెడ్డు కప్పు కింద ఈ కొస నుంచి ఆ కొసకు ఒక పొడుగాటి ఇనుప కడ్డీ తిరుగుతుంటుంది. లైన్ షాఫ్టు అంటాం. దాని మీద నుంచి బెల్టులు దిగి కింద జిన్నులను తిప్పుతాయి. ఆ షాఫ్టు కూర్చుని తిరిగే ఉంగరాన్ని బుష్షు అంటారు. రెండు అరిగిపోతే నా కొత్త కార్డు చూసి హైదరాబాద్‌కు ఆర్డరు పంపారు. లోపలి కొలత 64 మిల్లీమీటర్లు. అవి ఇవాళ వచ్చాయి.

యాకయ్య బిగించి చూసి, ఇది లూజున్నది సారూ అన్నాడు. నూలుపోగు మెలిపెట్టి బుష్షుకూ షాఫ్టుకూ నడుమ దూర్చి చూపించాడు. చూడుండ్రి, పోగు వోతాంది, కూసోని తిరగది, కొట్టుకుంటది అన్నాడు. కార్డు మీద అరవైనాలుగు, బుష్షు మీద అరవైనాలుగు, మరి నీ స్కేలు ఏమంటోందయ్యా అని మేనేజర్ గారు అడిగారు.

యాకయ్య ఆయన వంక చూడలేదు. నా వంక చూశాడు. నా స్కేలు సర్కారుకు డిపాజిట్ జేసిన సారూ అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. నేనే ముందు నవ్వాను. తనను ఆటపట్టిస్తున్నాడని మేనేజర్ గారికి కోపం వచ్చింది. నీకు కొత్త కొలత తెలియదు, నోరు మూసుకుని బిగించు అన్నారు. బిగించాడు.

20 నవంబర్

సీజన్ మొదలైంది. మొదటి రోజే నలభై బండ్ల పత్తి. పనిచ్చే దేవునికి వందనాలు.

28 నవంబర్, మంగళవారం

పదకొండున్నరకు షాఫ్టు తూర్పు కొస దడదడలాడింది. బుష్షు కాలి కమురు వాసన. ఏమిటా అని తలెత్తేలోపే బెల్టు జారి కొరడాలా కిందికి కొట్టింది. ఆ జిన్ను దగ్గర పత్తి వేసేది మొగిలమ్మ. పక్కనున్న కళావతి కొంగు పట్టి గుంజింది. తలకు తగలాల్సింది మోచేతికి తగిలింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక విరగలేదట. కళావతి చేతికి వెయ్యి దండాలు.

యాకయ్యను అప్పటికప్పుడే సస్పెండ్ చేశారు. ఫిట్టింగ్ సరిగా లేదట. వచ్చే వారం శనివారం, తొమ్మిదో తారీఖున ఫ్యాక్టరీ యజమాని సేటు హైదరాబాద్ నుంచి వస్తాడు. వచ్చి డిస్మిస్ రాస్తాడు. రాస్తే ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ క్వార్టర్ ఖాళీ చేయాలి. యాకయ్య భార్య కట్టమ్మ అప్పుడే గిన్నెలు బోర్లిస్తోందని ఎల్లస్వామి చెప్పాడు.

29 నవంబర్, ఉదయం

కలం పాళీ కోసం సొరుగు లాగితే స్కేలు చేతికి తగిలింది. మూడున్నర నెలలు.

29 నవంబర్, మధ్యాహ్నం

అందరూ అన్నానికి పోయినప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కాను. షాఫ్టు మీద బుష్షుకు దూరంగా అరగని చోట కాలిపర్ పెట్టి, స్కేలు మీద చూశాను. రెండు ఇంచీల నాలుగు సూతులు. అంటే రెండున్నర. ఈ డైరీ వెనక పట్టిక తీశాను. 63.5.

పాయింటు తర్వాత ఐదు ఉంది. నా రూలు ప్రకారం పైకి. అరవైనాలుగు.

ఆ అర మిల్లీమీటరే మొగిలమ్మ మోచెయ్యి, యాకయ్య క్వార్టర్. నూలుపోగు సందు అని వాడు చెప్పనే చెప్పాడు. వాడి స్కేలు వాడి దగ్గరుంటే నిమిషంలో తేలేది.

ఆరువందల పన్నెండు కార్డులూ ఇలాగే రాశాను.

30 నవంబర్

మేనేజర్ గారి దగ్గరికి పోయి చెప్పేశాను. తప్పు నాది, పాయింటు తినేసింది నేను, స్కేలు దాచింది నేను అని.

ఆయన నమ్మలేదు. ఇదింకో తమాషానా ప్రకాశం అన్నారు. ఎల్లస్వామి చేత అర్జీ పెట్టించావు, పోయినేడు నా కుర్చీ కింద కోడిపుంజును కట్టావు, ఇప్పుడు దోస్తును కాపాడడానికి తప్పు నెత్తినేసుకుంటున్నావా అన్నారు. షాఫ్టు కొలిచానంటే, ఇరవై ఏళ్లు తిరిగిన షాఫ్టు అరగదా, కొత్తలో అరవైనాలుగు లేదని ఎవడు చెప్పాడు అన్నారు. పాత కార్డు తెమ్మన్నారు. పెద్ద సేటు సంతకంతో ఉన్న కార్డు కనబడితే అప్పుడు నమ్ముతానన్నారు.

అటక మీద ఉండాలి కదా అని ఆయనే అన్నారు. తల ఊపి వచ్చేశాను.

జీవితంలో మొదటిసారి నిజం చెప్తే దాని గతి ఇది.

1 డిసెంబర్, శుక్రవారం

రాహేలుకు అంతా చెప్పాను. మేనేజరు ఇమ్మనలేదని కూడా చెప్పాను.  ఏమయ్యా, దొంగ అట్ట మీద దేవుని మాట రాయించినవా నాతోని అన్నది. పంతొమ్మిదేళ్లలో ఆమె నోట ఇంత మెత్తగా ఇంత గట్టి మాట వినలేదు.

తర్వాత లేచి ట్రంకు పెట్టె తీసింది. వాక్యం రాయని కార్డులు నాలుగువందల పన్నెండు. కింద కూర్చుని ఇద్దరం ఒక్కొక్కటీ తిప్పాం. బుష్షు కార్డు లేదు.

మిగతా రెండువందలు మట్టెవాడలో మా చర్చివాళ్ల ఇళ్ల గోడల మీద ఉన్నాయి.

3 డిసెంబర్, ఆదివారం

ఆరాధన అయ్యాక రాహేలు లేచి నిలబడింది. నేను సిగ్గుతో చెప్పుల వరస చూస్తున్నాను. మా ఆయన పొరపాటు చేసిండు, ఒక మనిషి కొలువు పోయేటట్టున్నది, మీ ఇండ్లల్ల వాక్యం కార్డులు జర తెచ్చి సూపెట్టుండ్రి, వెనక రాసింది ఎక్కించుకుని మీవి మీకే ఇస్తం అన్నది. నాది అనకుండా పొరపాటు అని సరిపెట్టింది. అందుకు కూడా స్తోత్రం.

గంటలో నూటపద్దెనిమిది వచ్చాయి. బడి పంతులు సుందర్ రావు గారైతే పటం కట్టించుకున్నారు. నాణెంతో మేకులు తానే ఊడదీశారు. తీస్తూ, యాకయ్యకు నువ్విచ్చిన రసీదు దీపావళికి నాకు చూపించాడయ్యా, చదివి చెప్పాను అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అంటే పోయిన నెల పదహారున షెడ్డులో యాకయ్యకు అప్పటికే తెలుసు. తెలిసే నా ముఖంలోకి చూశాడు.

5 డిసెంబర్

డ్యూటీ దిగి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. వేళాకోళం చేసి తిట్లు తినడంలో నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఒక్కరూ తిట్టలేదు. మరియమ్మ కార్డు బియ్యపు డబ్బా మూత మీద మైదాపిండితో అంటించి ఉంది. నీళ్లు తడిపి తడిపి ఊడదీసి, చాయ్ కూడా పోసింది. దావీదు తాతకు లేచే ఓపిక లేదు. దిండు కింద నుంచి తీసిచ్చి, ముందట ఉన్నది నాకు నోటికొచ్చు, వెనక ఏమున్నదో సదువు బిడ్డా అన్నాడు. గ్రీజు కప్పు, మూడు సూతులు, స్టాకు పద్నాలుగు అని చదివాను. ఆమెన్ అన్నాడు.

మొత్తం నూటడెబ్బైఒకటి అయ్యాయి. బుష్షు లేదు.

6 డిసెంబర్

మిగిలిన ఇరవైతొమ్మిది కోతల పండుగకు రఘునాథపల్లి పంపానని రాహేలుకు గుర్తొచ్చింది.

7 డిసెంబర్, గురువారం

లీవు పెట్టి ప్యాసింజర్ బండిలో రఘునాథపల్లి పోయాను. పదహారు ఇళ్లు తిరిగాక సమ్మమ్మ గుడిసె. అరవై దాటిన మనిషి. నుదుట ఇంత బొట్టుంది, గోడ మీద మా కార్డు ఉంది. గుడికీ చర్చికీ పోదట. చర్చోళ్లు సదువు నేర్పుతమంటే పోయిన, అక్షరాలు దిద్దుకోనీకి ఇచ్చిండ్రు అన్నది. తిప్పి చూశాను.

లైన్ షాఫ్ట్ బుష్షు. లోపలి కొలత 2½ ఇంచీలు. కింద పెద్ద సేటు సంతకం.

దేవునికి స్తోత్రం అని గట్టిగా అరిచాను. ఆమె భయపడి నీళ్లు తెచ్చింది.

ఇవ్వమంటే ఇవ్వలేదు. ఆదివారం తెచ్చిస్తానన్నాను. పట్నపోళ్లు తీస్కపోయింది మల్ల తెచ్చిండ్రా ఎన్నడన్న అన్నది. సంగతి మొత్తం చెప్పాను. అంతా విని, అయితె గిసొంటిదే ఇంకోటి రాసిచ్చి తీస్కపో అన్నది. జేబులో ఒక ఖాళీ గులాబిరంగు కార్డు ఉంది. దాని వెనక వాక్యం ఎక్కించాను. బండి వేళవుతోంది. నాలుగో వరస చిన్నదే కదా అని వదిలేసి ఇచ్చాను.

రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి వేలితో లెక్కపెట్టింది. చదవడం ఇంకా రాదు. కానీ, దీంట్ల నాలుగు వరుసలున్నయి, నువ్వు రాసిన దాంట్ల మూడే ఉన్నయి, పొట్టిగ జేసినవు అన్నది.

నా తల నేలకు వంగింది. నాలుగో వరస రాశాను. చుక్క కూడా పెట్టాను. బండి పోయింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, పెద్ద రోడ్డు దాకా తోడొచ్చి పత్తి లారీ ఎక్కించింది.

సమ్మమ్మా, నీకు నేను ఋణపడ్డానని రాద్దామనుకున్నాను. అది చాలా చిన్న మాట.

9 డిసెంబర్, శనివారం

సేటు పది గంటలకు వచ్చాడు. యాకయ్య కొత్త పంచె కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కట్టమ్మ అప్పటికే మూటలు కట్టింది.

రెండు కార్డులూ బల్ల మీద పెట్టాను. తెల్లదాని మీద రెండున్నర ఇంచీలు, గులాబిదాని మీద అరవైనాలుగు. డైరీలో పట్టిక పేజీ తెరిచి చూపాను. పాయింటు తర్వాతి ఐదును నేనే పైకి తోశాను అన్నాను. సేటు తన తండ్రి సంతకాన్ని వేలితో తడిమాడు. తర్వాత గులాబి కార్డు మీది సంతకం ఎవరిదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మేనేజర్ గారు ముందుకొచ్చారు. సంతకం నాది, చదవకుండా పెట్టాను, యాకయ్య చెప్పినా వినలేదు అన్నారు. నన్ను చూడకుండా అన్నారు. ఆయన్ని ఇన్నాళ్లూ కాఫీ తాగుతూ సంతకం పెట్టే మనిషే అనుకున్నాను. క్షమించాలి.

యాకయ్యను డ్యూటీలోకి తీసుకున్నారు. కాలిన బుష్షులు తీసేసి 63.5 కొలతకు కొత్తవి తెప్పిస్తారు. మొగిలమ్మకు చెయ్యి మానేదాకా కూలి ఇస్తారు. నన్ను తీసేస్తారనే అనుకున్నాను. సేటు అడిగిందల్లా ఒకటే. ఈ కార్డులన్నీ మళ్లీ రాసేది ఎవరు, నీకంటే బాగా తప్పు తెలిసినవాడు ఉన్నాడా అన్నాడు. ఆరువందల పన్నెండూ మళ్లీ రాయాలి, అదీ డ్యూటీ అయ్యాక. సామాను ఏ కొలతలో తయారైందో ఆ కొలత ముందు, చెరపకుండా. పక్కన కొత్త కొలత, తోకలతో సహా. కార్డు మీద రెండూ ఉండాలి.

బయటికొచ్చి, బట్టలో చుట్టిన స్కేలు రెండు చేతులతో యాకయ్యకు ఇచ్చాను. వాడు పంచె మడతలోంచి రసీదు తీసి, దీని మీద వాపసు ముట్టిందని రాసుకో బావా, లెక్క లెక్కనే అన్నాడు. రసీదు చదివించుకున్నాక కూడా ఎందుకు అడగలేదని అడిగాను.

నీ అంతల నువ్వే తెచ్చిస్తవని జూసిన అన్నాడు. షెడ్ల నీ మొకం జూసినప్పుడు చెప్తవనుకున్న. జర లేటైంది, గంతే అన్నాడు.

నేను చెంపలు వేసుకోబోతే చెయ్యి పట్టి ఆపాడు. ముసలి కోతి ఎవలో ఇప్పుడు జెప్పు అన్నాడు. నేనే అన్నాను. గట్టిగా చెప్పమన్నాడు. షెడ్డంతా వినేలా చెప్పాను.

17 డిసెంబర్

మట్టెవాడ కార్డులన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేశాం. రాహేలు నా చేయి పట్టుకుని నడిచింది. తిరిగొచ్చేటప్పుడు అట్టలు కొందామని బజారుకు పోయాం.

31 డిసెంబర్, ఆదివారం

డైరీ చివరి పేజీలో ఒక గులాబి కార్డు కనబడింది. నిన్న పత్తి బోరాల మీద కునుకు తీసినప్పుడు స్కేలు పట్టుకుని నా చుట్టూ ఎవరో తిరిగారని ఎల్లస్వామి చెప్పాడు. రాత మాత్రం సుందర్ రావు మాస్టారిది, చెప్పి రాయించింది ఎవరో తెలుసు.

సామాను: జ్ఞానప్రకాశం. స్టాకు: 1. పాత కొలత: 5 అడుగుల 4 ఇంచీల 3 సూతులు. కొత్త కొలత: ఖాళీ.

పట్టిక తీసి లెక్క కట్టి నింపాను.

1635.125